వాక్యం చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: అబ్రాహాము వయసు లెక్క

కిందటి పాఠంలో ఎఫెసీ 2:8-10 చదివాం. రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా అని 8వ వచనంలోనే తేలిపోయింది. సత్‌క్రియలు 10వ వచనం దాకా రావు. ఈసారి పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక, 4వ అధ్యాయం. బైబిలు, పెన్సిలు, తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు 4, 5 వచనాలు. పలాసలో జీడిపిక్కలు కొట్టినామెకి లెక్క చూసి కూలి ఇస్తే, యజమాని దయ తలచాడని ఎవరూ అనరు. అది ఆమెకి రావలసిన డబ్బు. దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచడం ఆ పద్దులోది కాదంటాడు పౌలు.

ఇప్పుడు అసలు పని. 3వ వచనంలో పౌలు ఆదికాండము 15:6 ఎత్తుకున్నాడు: అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. 10వ వచనంలో అడుగుతాడు: ఎప్పుడు? సున్నతికి ముందా, తరవాతా? జవాబు కూడా ఆయనే చెప్పేశాడు. అయినా మీరు ఆదికాండము తిప్పి చూడండి. కాగితం మీద అడ్డంగా గీత గీసి వయసులు వేయండి. హారాను విడిచినప్పుడు 75 (12:4). ఇష్మాయేలు పుట్టినప్పుడు 86 (16:16). సున్నతి నాటికి 99 (17:24). మరి 15:6 ఎక్కడ పడుతుంది? 86కి ఎడమ పక్కన. అంటే సున్నతికి కనీసం 13 ఏళ్ల ముందే.

పౌలు వాదమంతా ఆ 13 ఏళ్ల ఎడం మీదే నిలబడింది. అందుకే 11వ వచనంలో సున్నతిని ముద్ర అన్నాడు. అప్పటికే ఉన్నదాని మీదే కదా ముద్ర వేస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు సాక్ష్యం చెప్పేటప్పుడు బాప్తిస్మం తేదీనే రక్షణ తేదీగా చెప్పేవాళ్లున్నారు. వాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు లెండి. కథోలికులు, లూథరన్లు 1999లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు చేసిన ఉమ్మడి ప్రకటన రక్షణ కృపవల్లనే అంటూనే, బాప్తిస్మంలో పరిశుద్ధాత్మ ఆ వరాన్ని ఇస్తాడనీ చెబుతుంది.

అదే గీత మీద ఇంకో రెండు గుర్తులు పెట్టండి: 16వ అధ్యాయంలో బిడ్డ కోసం దాసి హాగరును చేరిన సంగతి, 17:17లో ముసలితనంలో బిడ్డ పుడతాడా అని అబ్రాహాము నవ్విన నవ్వు. రెండు చోట్లా అతని విశ్వాసం తడబడినట్టే కనబడుతుంది, రెండూ 15:6 తరవాతవే. కాబట్టి విశ్వాసం ఎంత గట్టిగా ఉంటే అంత కూలి అనుకుంటే, మళ్లీ ఆ పద్దులోకే వెళ్లినట్టు. కానీ రోమా 4:20 అతను అవిశ్వాసంతో సందేహించలేదంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మీకు తోచింది నాలుగు వరుసలు రాయండి.

వచ్చే పాఠం యాకోబు 2:21-23. అదే 15:6ని యాకోబు, అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన ఆదికాండము 22వ అధ్యాయంతో ముడివేస్తాడు. గీతకి కుడి పక్కన చోటు వదిలి ఉంచండి.