మొత్తం బాకీ ఎంత?

జమాఖర్చులు రాయడం నా వృత్తి. అప్పుల్లో కూరుకుపోయి సలహా కోసం వచ్చేవారిని నేను ముందు అడిగేది ఒకటే: ‘మొత్తం ఎంత?’ నెలనెలా కట్టే వాయిదా ఎంతో తడుముకోకుండా చెబుతారు. మొత్తం దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నములుతారు. అప్పు మితిమీరిందనడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

పాత అప్పు వాయిదా కట్టడానికి కొత్త అప్పు చేస్తున్నారా? జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ అవుతోందా? ఇంట్లోవారికి చెప్పని బాకీ ఉందా? మొదటిదానికి ‘అవును’ అన్నారంటే ఇక మిగతావి అడగనక్కరలేదు.

ఈ రోజే ఒక కాగితం తీసుకుని గళ్లు గీయండి. ఎవరికి బాకీ, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, తాకట్టు గానీ హామీ గానీ ఉన్నాయా. చేబదుళ్లూ రాయాల్సిందే. స్నేహితుడు అడగడం లేదు కదా అని వాటిని వదిలేసేవారే ఎక్కువ.

వడ్డీ గడి నింపేటప్పుడు తొందరపడకండి. ఒకరు నెలకు చెబుతారు, ఇంకొకరు ఏడాదికి చెబుతారు. నెలకు 3 శాతం అంటే వినడానికి చిన్నదే. చక్రవడ్డీ లెక్కన చూస్తే అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్లు నిండకముందే బాకీ రెట్టింపవుతుంది. ‘12 శాతం ఫ్లాట్’ అన్నది మరో మాయ. మీరు తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేస్తారు. ఏడాదిలో 12 సమాన వాయిదాల్లో తీర్చే అప్పయితే నిజంగా పడే రేటు 21 శాతం పైమాటే.

క్రెడిట్ కార్డు బిల్లులో ఈ నెలకు ఇంత కడితే చాలన్నట్టు కనిపించే ‘కనీస చెల్లింపు’ గురించి మాత్రం లెక్క వేసి చూపించక తప్పదు. లక్ష బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, మిగిలిన బాకీలో 5 శాతం కనీస చెల్లింపు అనుకుందాం. మొదటి నెల 5,000 కడితే అందులో 3,000 వడ్డీకే పోతుంది. కొత్తగా ఏమీ కొనకపోయినా, ఏడాది తిరిగేసరికి మీరు కట్టింది దాదాపు 53,800, ఇంకా మిగిలిన బాకీ దాదాపు 78,500. బాకీ తగ్గేకొద్దీ కనీస మొత్తమూ తగ్గుతుంది కాబట్టి ఈ కథ ఇలా సాగుతూనే ఉంటుంది. అలా కాకుండా, వాళ్లు ఎంత అడిగినా మీరు ప్రతి నెలా అదే 5,000 కట్టండి. 31 నెలల్లో మొత్తం తీరిపోతుంది.

ఇక వరస. తిండి, అద్దె, కరెంటు, మందులకు ముందు పక్కన పెట్టండి. ఆపైన, కట్టకపోతే ఇల్లో పనిముట్టో పోయే తాకట్టు అప్పులు. మిగిలిన అప్పుల వాయిదాలు గడువులోగా కడుతూ, చేతిలో మిగిలినదంతా ఎక్కువ వడ్డీ అప్పు మీదే పెట్టండి. చిన్న అప్పు ముందు తీరిస్తే ధైర్యం వస్తుందంటారు. వస్తుంది, కాదనను. కానీ రేట్ల మధ్య తేడా భారీగా ఉంటే ఆ ధైర్యం ఖరీదైనది. తీరిన అప్పు తాలూకు వాయిదాను ఖర్చుల్లో కలిపేయకుండా తర్వాతి అప్పుకు మళ్లించండి.

కట్టలేమని తెలిసిన రోజే అప్పిచ్చినవారితో మాట్లాడండి, గడువు దాటేదాకా ఆగకండి. ఎంత కట్టగలరో అంకె చెప్పి అడగండి. గడువు పెంచడానికో వడ్డీ తగ్గించడానికో ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. హామీ సంతకం పెట్టినవారికి కూడా ముందే చెప్పండి. అన్ని అప్పులూ కలిపి ఒకటి చేస్తామనేవారు వస్తే నెల వాయిదా చూసి మురిసిపోకండి, చివరికి కట్టే మొత్తం ఎంతో అడగండి. పాత కార్డులు మూసే ఉద్దేశం లేకపోతే ఆ ఊసే వద్దు. ముందుగా రుసుము కట్టండి, మీ బాకీలు మాఫీ చేయిస్తాం అనేవారితో మాటలు పెంచుకోకండి.

ఒక్కో అప్పు తీరగానే బాకీ లేదని లేఖ రాయించుకోండి. తాకట్టు పత్రాలు, సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు అదే రోజు వెనక్కి తీసుకోండి.