డిస్క్ ఎర్రర్లు వస్తుంటే సీ7 వరుస చూడండి: నా అనుభవం

పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే ఇంట్లోని డెస్క్‌టాప్ మధ్యలో బిగుసుకుపోయేది. లోపాలను నమోదు చేసే విండోస్ ఈవెంట్ వ్యూయర్ నిండా డిస్క్ ఎర్రర్లే. డిస్క్‌ను తనిఖీ చేసే చెక్‌డిస్క్, కొత్త డ్రైవర్లు, విండోస్ మళ్లీ ఎక్కించడం, ఏదీ ఫలించలేదు.

ముందు ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి తీసుకున్నాను. ఇది చేయకుండా ఏ పరీక్షా మొదలుపెట్టకండి. తరువాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తెరిచాను. పాడైన సెక్టార్లను చెప్పే 05, సీ5 వరుసలు రెండూ సున్నా. సీ7 మాత్రం కాపీ చేసిన ప్రతిసారీ పెరుగుతోంది. డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోతే లెక్కించేది ఆ వరుస. అంటే అనుమానించవలసింది డిస్క్‌ను కాదు, దారిని.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్, లోహపు క్లిప్పున్నది, కొన్నాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత కేబుల్ స్థానంలో దాన్ని క్లిక్‌మనేదాకా నొక్కాను. మదర్‌బోర్డుపై కేబుల్ గుచ్చే పోర్టు మార్చలేదు; రెండూ ఒకేసారి మారిస్తే దోషం ఎక్కడుందో తేలదు. మళ్లీ అదే ఫోల్డర్ కాపీ చేశాను. సీ7 కదలలేదు, ఎర్రర్లు ఆగిపోయాయి. పాత అంకె సున్నాకు తిరిగిరాదు, దానికి కంగారుపడవద్దు. పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

అందరికీ ఇదే మందని చెప్పలేను. 05, సీ5 పెరుగుతుంటే కేబుల్ మార్చి లాభం లేదు, డిస్కే మార్చాలి. సాధారణంగా నేరుగా మదర్‌బోర్డులోనే అమర్చే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లకు ఈ కేబులే ఉండదు. కేబుల్ మార్చాక కూడా సీ7 పెరిగితే అప్పుడు పోర్టు మార్చి చూడండి.