చార్మినారా, సాలార్‌జంగ్ మ్యూజియమా?

హైదరాబాద్‌లో చేతిలో ఒక్క పూటే ఉంటే మ్యూజియంకే ఓటేయండి. 1591 నాటి చార్మినార్ పైకి ఎక్కకపోయినా, ఆ చౌరస్తా అందం ఎక్కడికీ పోదు. చీకటిపడ్డాక దీపాల వెలుగులో, లాడ్‌బజార్ గాజుల తళుకుల మధ్య ఇంకా బావుంటుంది. మ్యూజియం మాత్రం సాయంత్రానికే మూసేస్తారు, శుక్రవారం సెలవు.

పొద్దున్నే తెరవగానే వెళ్లి ముందు ‘ముసుగు రెబెక్కా’ శిల్పాన్ని చూడండి. అంతా పాలరాయే, అయినా పల్చటి మేలిముసుగు వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది! పన్నెండుకు కాస్త ముందే సంగీత గడియారం దగ్గర చేరండి. చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొడుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. ఎండాకాలమైతే మధ్యాహ్నం చౌరస్తాలో తిరగడం అసలు పెట్టుకోకండి.