వడగళ్ళు పడకముందు కప్పు, పడ్డాక బీమా: డెల్టా ఇళ్ళకు కొన్ని జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) కోతలూ ఈదురుగాలులూ ఒకే రోజుల్లో వస్తాయి. మార్చి చివరి నుంచి మే దాకా మధ్యాహ్నం ఎండ మండిపోయి సాయంత్రానికి మబ్బు నల్లబడితే అందరి కళ్ళూ కళ్ళంలో ధాన్యం మీదే ఉంటాయి. ఉన్న బరకాలన్నీ (టార్పాలిన్లు) అటే పోతాయి. ఇంటి కప్పు సంగతి తెల్లారాక గుర్తొస్తుంది. తెలంగాణ జిల్లాల్లో పడినంత తరచుగా మనకి వడగళ్ళు పడవు. పడ్డప్పుడు మాత్రం గాలినీ పిడుగులనీ వెంటేసుకుని వస్తాయి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల వంతు. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమను ఏం చేసిందో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018 డిసెంబరులో పెథాయ్, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా కుర్రాళ్ళకి కూడా గుర్తుంటాయి.

బీమా ఉన్న ఇంట్లో కూడా క్లెయిమ్ చెడేది చాలాసార్లు మర్నాడు పొద్దున చీపురు పట్టినప్పుడే. మనకి ఇల్లు అలా చిందరవందరగా ఉంటే మనసొప్పదు. పగిలిన పెంకులు ఎత్తి పారబోస్తాం, తడిసిన పరుపులు ఎండేస్తాం, మేస్త్రిని పిలిచి సాయంత్రానికి కప్పు సర్దేస్తాం. తర్వాత కంపెనీ మనిషి వచ్చేసరికి శుభ్రంగా ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఏం పోయిందో ఆయనకి చూపించడానికి మన దగ్గర మాటలు తప్ప ఏమీ మిగలవు.

ముందుగా చేసుకోవాల్సింది

ఎండ ఉన్న రోజు చూసి కప్పు ఫోటోలు తీయండి. నాలుగు వాలులూ విడివిడిగా, చూరు దగ్గర నుంచి, పక్కింటి మేడ ఎక్కి పైనుంచి, లోపల దూలాలు, వాసాలు కనిపించేలా. గది గదికీ ఒక చిన్న వీడియో తీసి, ఫ్రిజ్, టీవీ, బీరువా చూపిస్తూ నోటితో తేదీ చెప్పండి. అవన్నీ హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికో అమ్మాయికో వాట్సాప్ చేసేస్తే మీ ఫోన్ నీళ్ళలో పడినా ఫోటోలు ఉంటాయి. గాలివానకి ముందు కప్పు బాగానే ఉందని చెప్పే సాక్ష్యం ఇంతకు మించి ఉండదు. కప్పు మరమ్మతు చేయించినప్పుడు పెంకుల కొట్టు బిల్లు, మేస్త్రి సంతకం ఉన్న చీటీ కూడా పాలసీ కాగితంతోపాటే దాచండి.

పెంకుటిల్లయితే కొప్పు పెంకుల కింద సున్నం ఊడిన చోట్లు, చెదలు పట్టిన రీపర్లు (పెంకుల కింద అడ్డంగా వేసే సన్నటి చెక్కలు) ముందే మార్పించాలి. తీరానికి దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి రేకుల బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. బోల్టు పట్టు వదిలితే గాలి రేకు అంచు కిందికి దూరి మొత్తం వరసనే లేపుతుంది. పాత సిమెంటు రేకులు మాత్రం చాలా ప్రమాదం. పైకి గట్టిగానే కనిపిస్తాయి, కాలు పెట్టగానే విరుగుతాయి. రేకు మీద ఎక్కాల్సి వస్తే కింద దూలాలున్న చోట అడ్డంగా బలమైన చెక్క వేసి దాని మీదే నడవాలి. డాబా ఇళ్ళవాళ్ళు తూములు శుభ్రం చేయించుకుంటే చాలు.

కొబ్బరి చెట్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంటి మీదికి వంగిన చెట్టుకి గాలి రోజులకి ముందే దింపు తీయించి, ఎండు మట్టలూ గెలలూ దించేయించండి. చెట్టు కప్పు మీద పడితే ఇంటి బీమా వర్తిస్తుంది. బయటి వస్తువు తగిలి జరిగే నష్టం పాలసీలో ఉన్న అంశమే, అందులో పడిన చెట్టు కూడా వస్తుంది. అయితే చెట్టు వేళ్ళు కుళ్ళి పడబోతోందని ఊరంతా అంటున్నా వదిలేశారనుకోండి, తర్వాత ఆ మాటే మీకు ఎదురు రావచ్చు.

పాలసీలో ఏముందో ఇప్పుడే చూడండి

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. సాధారణ బీమా కంపెనీ ఏదైనా దీని ప్రాథమిక షరతులు ఒకటే. అగ్ని, పిడుగు, తుఫాను, గాలివాన, వరద, భూకంపం, చెట్టు పడటం లాంటివి ఇందులో ఉంటాయి. కార్ల పాలసీలో వడగళ్ళ పేరు విడిగా రాసి ఉంటుంది గానీ ఇంటి పాలసీలో గాలివాన, తుఫాను అనే మాటలే కనిపిస్తాయి. అందుకని నష్టం తెలియజేసేటప్పుడు "గాలివానతో పాటు వడగళ్ళు పడ్డాయి" అని రాయండి, ఒట్టి వడగళ్ళని రాయకండి.

ఇంటికి చేయించిన బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామాన్లకి కూడా అదే పాలసీలో రక్షణ ఉంటుంది. నగలు, పెయింటింగులు లాంటి విలువైనవి విడిగా చేర్పించుకోవాలి. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే వేరే చోట అద్దెకి అయ్యే ఖర్చు కూడా పాలసీలోనే ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది అడగనే అడగరు.

బీమా మొత్తం లెక్కగట్టేటప్పుడు స్థలం విలువ కలపకూడదు. భీమవరంలో గజం ఎంత పలుకుతుందో ఇక్కడ అనవసరం, స్థలాన్ని గాలి ఎత్తుకుపోదు కదా. ఇల్లు మళ్ళీ కట్టాలంటే ఎంతవుతుందో అదే లెక్క. అంతకంటే తక్కువకి బీమా చేయిస్తే మీకే నష్టం.

బ్యాంకు అప్పుతో కట్టిన ఇళ్ళలో ఓ చిక్కు ఉంది. అప్పుతో పాటు అంటగట్టిన పాలసీ చాలాసార్లు అప్పు మొత్తానికే ఉంటుంది. బ్యాంకు పేరు కూడా అందులో ఉంటుంది కాబట్టి క్లెయిమ్ డబ్బు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. అసలు ఆ పాలసీ ఇంటిదా, లేక అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిందా? బ్రాంచికి వెళ్ళి కాపీ అడిగి తీసుకోండి.

ఇంకో మూడు విషయాలు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. మేడ మీద తర్వాత వేసుకున్న రేకుల షెడ్డు, సోలార్ పలకలు, తాటాకుతోనో గడ్డితోనో కప్పిన భాగం. ఆకు, గడ్డి, వెదురు కప్పుల్ని పాలసీ భాషలో కచ్చా నిర్మాణం అంటారు. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో దాన్ని దాచి పక్కా ఇల్లని రాసుంటే, తర్వాత వేసవి షెడ్డు ఎగిరినా వంటపాక ఎగిరినా మాట పడాల్సి వస్తుంది. గల్ఫ్‌కి వెళ్ళి ఇంటికి తాళం వేసినవాళ్ళు ఇల్లు ఖాళీగా ఉంటే వర్తించే షరతు ఏమిటో చదువుకోవాలి.

ఆ రాత్రి, ఆ మర్నాడు

వడగళ్ళు పడుతుంటే బయటికి వెళ్ళొద్దు. ఆగాక గుమ్మం దగ్గర రెండు ముక్కలు తీసి పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. కరిగిపోయాక ఎంత లావున్నాయో చెప్పినా ఎవరూ నమ్మరు. కప్పు కారుతుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి. చీకట్లో కప్పు ఎక్కే పని ఎవరూ పెట్టుకోవద్దు, పక్కింటి బాబాయి ఎంత ధైర్యం చెప్పినా సరే.

తెల్లారాక ఏదీ కదపకముందే ఫోటోలు. ముందు ఇల్లంతా కనిపించేలా దూరం నుంచి, తర్వాత వాలు వాలుకీ, తర్వాత ఒక్కొక్క పగులూ దగ్గరగా. రేకు మీద సొట్టల చుట్టూ సుద్దముక్కతో గీస్తే ఫోటోలో కనిపిస్తాయి. ఏసీ బయటి పెట్టె రెక్కలు వంగినా, నీళ్ళ ట్యాంకు మూత పగిలినా, పెరట్లో అరటి ఆకులు చీలికలైనా వాటినీ తీయండి. మీ ఊళ్ళో వడగళ్ళు పడ్డాయని అవే చెబుతాయి. మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో మీ మండలం వార్త వస్తే కత్తిరించి దాచండి.

ఆ తర్వాతే బరకం. ఇక్కడ చాలామంది తికమకపడతారు. కదిపితే క్లెయిమ్ పోతుందేమోనని కప్పు తెరిచే ఉంచి, రెండో వానకి సీలింగూ మంచాలూ కూడా పాడుచేసుకుంటారు. నష్టం పెరక్కుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతే. బరకం కప్పండి, తాళ్ళతో కట్టండి, ఆ ఖర్చుకి బిల్లు తీసుకోండి. శాశ్వత మరమ్మతు మాత్రం బీమా నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా, లేదా కంపెనీ రాతపూర్వకంగా సరేననేదాకా మొదలుపెట్టొద్దు. పగిలిన పెంకులు, రేకు ముక్కలు, తడిసిన పరుపు పెరట్లో ఓ మూల కుప్ప పోసి ఉంచండి. సిమెంటు రేకు ముక్కల్ని పొడిగా కొయ్యొద్దు, విరగ్గొట్టొద్దు. పాత వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకి చేటు. నీళ్ళు చల్లి, మాస్క్ పెట్టుకుని ఎత్తండి.

కంపెనీకి అదే రోజు తెలియజేయండి. ఏజెంటుకి చెప్పాం కదా అని ఊరుకోవద్దు. టోల్ ఫ్రీ నంబరుకి చేసి క్లెయిమ్ నంబరు తీసుకుని, మెయిల్ కూడా పంపండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. "నా పాలసీ నంబరు ఫలానా. ఫలానా తేదీ సాయంత్రం సుమారు ఐదింటికి గాలివానతో పాటు వడగళ్ళు పడి మా ఇంటి కప్పు తూర్పు, దక్షిణ వాలుల్లో పెంకులు పగిలాయి. హాల్లోకి నీళ్ళు దిగి సామాన్లు తడిశాయి. ఫోటోలు జతచేశాను. తాత్కాలికంగా బరకం కప్పాం. సర్వేయరును పంపగలరు." ఇది చాలు. ఇంకా లెక్క తేలకముందే నష్టం ఇంత అని అంకె వేయకండి.

వీఆర్వో, సచివాలయం వాళ్ళు వచ్చి రాసుకునే నష్టం లెక్క వేరు, బీమా సర్వే వేరు. వాళ్ళు రాసుకున్నారు కాబట్టి బీమాకి చెప్పక్కర్లేదనుకోవద్దు. ప్రభుత్వ సాయం చిన్నదే. 2022–26 కాలానికి విపత్తు సహాయ నిధి నిబంధనల్లో కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. అయినా ఆ జాబితాలో పేరు రాయించుకోండి, కాపీ అడగండి, క్లెయిమ్‌కి కూడా పనికొస్తుంది. పంట బీమా సంగతి ఇంకా వేరు. ఫసల్ బీమా పాలసీ ఉంటే చేలో వడగళ్ళ నష్టాన్ని 72 గంటల్లో తెలియజేయాలి. ఇంటి హడావుడిలో అది జారిపోతుంది.

సర్వేయరు వచ్చినప్పుడు

లక్ష రూపాయలు, ఆ పైన నష్టమైతే లైసెన్సున్న సర్వేయరు చూడాలి. అంతకంటే తక్కువైతే కంపెనీ తన మనిషితోనో ఫోటోలతోనో తేల్చేయొచ్చు, అందుకే ఫోటోల గురించి అంత చెప్పింది. సర్వేయరు ఫీజు కంపెనీదే. చాయ్ ఇవ్వండి, అంతకు మించి ఏమీ ఇవ్వక్కర్లేదు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నష్టం తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరును కేటాయించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి.

ఆయన తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "కప్పు ముందు నుంచే కారుతోందా అండీ?" మనవాళ్ళు మొహమాటానికి "అవునండీ, పోయినేడు కూడా కొంచెం కారింది" అనేస్తారు. ఆ ఒక్క ముక్క నివేదికలో పాత లీకేజీగా మారుతుంది. అరుగుదల, పాత పగుళ్ళ నుంచి ఊరే నీళ్ళు పాలసీలోకి రావు. అబద్ధం చెప్పమని కాదు, ఉన్నది ఉన్నట్టు చోటుతో సహా చెప్పండి: "పోయినేడు వంటింటి మూల కారిందండీ, బాగుచేయించాం, ఇదిగో రసీదు. ఇప్పుడు కారుతున్నది హాలు మీద, పెంకు విరిగిన చోట."

"ఎలాగూ బీమా ఇస్తుంది కదా, ఇంకో నాలుగు పెంకులు కొట్టేయండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వినొద్దు. కొత్తగా విరిగిన పెంకు అంచు ఎర్రగా ఉంటుంది, పాత విరుపు పాచి పట్టి నల్లబడుతుంది. కర్రతో కొట్టిన దెబ్బ ఒకచోటే పడుతుంది, వడగళ్ళ దెబ్బలు గాలి వచ్చిన వైపు వాలంతా చెదురుగా ఉంటాయి. ఇదంతా సర్వేయర్లకి రోజూ చూసే పనే. మోసం బయటపడితే నిజమైన నష్టానికి కూడా పైసా రాదు.

మేస్త్రి అంచనా ఒకే అంకెగా కాకుండా విడివిడిగా రాయించండి: ఎన్ని పెంకులు, ఎన్ని రేకులు, రీపర్లు ఎన్ని అడుగులు, కూలి ఎన్ని రోజులు. గాలివాన తర్వాత మేస్త్రుల రేట్లు, పెంకుల ధరలు పెరుగుతాయి కాబట్టి తేదీ ఉండాలి. శిథిలాలు తీయించిన ఖర్చు కూడా క్లెయిమ్ మొత్తంలో 2 శాతం దాకా అడగొచ్చు. "క్లెయిమ్ నేను ఇప్పిస్తా, ఇరవై శాతం నాకివ్వండి" అంటూ వచ్చేవాళ్ళకి ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వకండి.

తక్కువ ఇచ్చినా, కాదన్నా

ముందు సర్వే నివేదిక కాపీ అడగండి, అడిగితే ఇవ్వాలి. ఏ వస్తువుకి ఎంత కోశారో అందులో ఉంటుంది. ఒప్పుకోని మొత్తానికి "పూర్తి, తుది పరిష్కారం" అని ఉన్న కాగితం వస్తే సంతకానికి ముందే మీ అభ్యంతరం మెయిల్ చేయండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోనో 155255 నంబరులోనో కూడా నమోదు చేయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అక్కడి తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. ఆంధ్రప్రదేశ్‌కి హైదరాబాద్ కార్యాలయమే. యానాం పుదుచ్చేరిలో భాగమైనా వాళ్ళు కూడా అక్కడికే రాయాలి.