పంచాయతీకి మోటార్ కొనే ముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలం దగ్గరపడింది. అనంతపురం పల్లెల్లో నీటి పథకాలకు కొటేషన్లు పిలిచే రోజులివి. సంతకం పెట్టే ముందు:

– తక్కువ ధర ఒక్కటే చూసి ఖరారు చేయొద్దు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. నేలపై బిగించే 7.5 కిలోవాట్ల నాలుగు పోల్ మోటార్ ఐఈ2 రకమైతే (ఐఈ అంటే సామర్థ్య తరగతి, అంకె పెరిగితే కరెంటు ఆదా ఎక్కువ) సామర్థ్యం 88.7 శాతం, ఐఈ3 అయితే 90.4. పూర్తి లోడుతో రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిస్తే తేడా దాదాపు 380 యూనిట్లు. ఆ బిల్లు ఏటా వస్తూనే ఉంటుంది.

– బోరు మోటార్‌కు ఐఈ3 అని రాయకండి. ఆ తరగతులు ఐఎస్ 12615 అనే భారతీయ ప్రమాణం కిందివి, నీళ్లలో మునిగి నడిచే సబ్‌మర్సిబుల్‌కు వర్తించవు. దానికి ఐఎస్ 8034 గుర్తు, బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ అడగండి. టెండర్లలో ఈ పొరపాటు చేస్తే మళ్లీ పిలవాల్సి వస్తుంది, ఈలోగా ఊరు ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంది.

– నీటిమట్టం కొలిచాకే హార్స్‌పవర్ రాయండి. ‘పెద్దదైతే మేలు’ అనుకుంటే కరెంటు వృథా, బోరు త్వరగా ఖాళీ.

– పాత మోటార్ వేలం షరతుల్లో వైండింగ్ తగలబెట్టకూడదని రాయండి. రాగి కోసం కాలిస్తే ఆ పొగ పీల్చేది మన పిల్లలే.