డెక్ కాంట్రాక్టరుకి సరే అనే ముందు

చలికాలమంతా కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్న కరివేపాకు కుండీల్ని బయట పెట్టే రోజులు రాగానే, న్యూజెర్సీలో మా వీధిలో, ఇళ్ల వెనక ఆరుబయట అరుగుల్లా ఉండే చెక్క డెక్‌ల గోల మొదలవుతుంది. మంచుకి నాని, ఎండకి బూడిదరంగు తేలి, అక్కడక్కడా పచ్చగా పాచి పట్టిన పలకల్ని చూసి "ఈ ఏడు కొత్త కోటు వేయించేద్దాం" అనుకోని ఇల్లుండదు. వెంటనే ఇంట్లో రంగు గురించి చర్చ. దేవదారు రంగా, ముదురు గోధుమా? అది ఆఖర్న తేల్చుకోవచ్చు. ముందు చూడాల్సింది కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్ కాగితం.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నాలుగేళ్ల కిందట ముగ్గురిని పిలిచాం. ఒకాయన 2,600 డాలర్లన్నాడు, ఇంకొకాయన 1,900. మూడో ఆయన ఫోన్లోనే ఒక్క ముక్క రాసి పంపాడు: "పవర్ వాష్, స్టెయిన్, 900." అంటే నీళ్లు ఒత్తిడితో కొట్టి కడగడం, చెక్కకి పట్టించే రంగు పూయడం. బేరం కుదిరిందని సంబరపడి ఆయన్నే రమ్మన్నాం. పొద్దున నీళ్లు కొట్టాడు, మధ్యాహ్నం భోజనమయ్యాక స్టెయిన్ పూసేశాడు, సాయంత్రానికి చెక్కు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు డెక్ అద్దంలా మెరిసింది. మరుసటి ఏప్రిల్‌కి రంగు ఉల్లిపొరల్లా లేచింది. దాని కింద చెక్క మీద దువ్వెనతో గీసినట్టు చారలు. నీటి ఒత్తిడికి పీచు పైకి లేచి మా వాడి అరికాల్లో ముల్లు విరిగింది. అది పీకడానికి పట్టిన అరగంటలో మొదటాయన ఆ మిగతా 1,700 డాలర్లు ఎందుకడిగాడో నాకు బోధపడింది.

రెండు కొటేషన్ల మధ్య తేడా రంగు డబ్బాలో ఉండదు, రంగుకి ముందు చేసే పనిలో ఉంటుంది. అందుకే ఆ పనంతా ఒక్కొక్కటిగా రాసిమ్మని అడగండి. పాత కోటు తీయడానికి ఏం వాడతాడు? ఘాటైన స్ట్రిప్పర్ వాడితే ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్‌తో దాని ఘాటు విరిచి, నల్లబడ్డ చెక్క రంగు తేటపరచాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ మెట్టే. పవర్ వాషర్ ఒత్తిడి ఎంత? పైన్, సెడార్ లాంటి మెత్తటి చెక్కకి 500, 600 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు, వెడల్పుగా చిమ్మే నాజిల్‌తో, అడుగు దూరం నుంచి. "మా మెషీన్ 3,000 కొడుతుంది సార్" అని గొప్పగా చెప్పాడంటే అది కాంక్రీటు డ్రైవ్‌వేకి పనికొచ్చే గొప్ప. తర్వాత ఏ గ్రిట్‌తో, అంటే ఏ నంబరు గరుకు కాగితంతో, సాండింగ్ చేస్తాడో అడగండి. 60 నుంచి 80 చాలు. అంతకన్నా నున్నగా తీస్తే చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ పీల్చుకోదు.

కడిగాక ఎన్ని రోజులు ఆరనిస్తాడన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఎండ బాగుంటే కనీసం రెండు రోజులు. తేమ కొలిచే చిన్న మీటరు తెచ్చి, 15 శాతం కంటే తగ్గిందని చూపించి మొదలుపెట్టేవాడు దొరికితే వదలకండి. మీటరు లేకపోయినా వంటింట్లోంచి నాలుగు చుక్కల నీళ్లు తెచ్చి పలక మీద చల్లి చూడొచ్చు. వెంటనే ఇంకితే చెక్క సిద్ధంగా ఉంది. ముత్యాల్లా నిలబడితే పాత కోటు ఇంకా పోలేదు, దాని మీద ఏం పూసినా దండగే.

ఇక కొలత. టేపు పట్టకుండా, పెరట్లో నిలబడి కళ్లతో చూసి ధర చెప్పేవాడిని నమ్మొద్దు. 16 అడుగులకి 20 అడుగుల డెక్ అనుకోండి, నేల 320 చదరపు అడుగులు. మూడు వైపులా రెయిలింగ్ 52 అడుగులు, మూడడుగుల ఎత్తు, లోపలా బయటా కలిపితే మరో 312. అంటే నేలెంతో రెయిలింగ్ అంత, మెట్లు వేరే. పైగా ఆ సన్న కడ్డీలకి బ్రష్ పట్టి చేసే చాకిరీ నేల మీద రోలర్ తిప్పడం కన్నా చాలా ఎక్కువ. చవక కొటేషన్‌లో రెయిలింగ్ ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఈ లెక్క ఇంకొకందుకూ పనికొస్తుంది. గ్యాలన్‌కి సుమారు 200 చదరపు అడుగులు వస్తాయనుకుంటే పై డెక్‌కి ఒక్క కోటుకే మూడు గ్యాలన్ల పైన కావాలి. రెండే గ్యాలన్ డబ్బాలతో దిగి రెండు కోట్లు వేస్తానంటే ఏదో మతలబు ఉన్నట్టే. అలాగని ఎక్కువ పూస్తే మంచిదనీ కాదు. చెక్కలోకి ఇంకే ఆయిల్ స్టెయిన్ డబ్బా మీద ఒక్క కోటే అని ఉంటే ఒక్కటే వేయించండి, మిగిలింది పైన జిగురుగా తేలుతుంది. కంపెనీ, రకం, రంగు నంబరు కాగితం మీద ఉండాలి. నా మట్టుకు నేను పెయింటులా పొరకట్టే సాలిడ్ రకం కన్నా చెక్క గీతలు కనబడనిచ్చే సెమీ ట్రాన్స్‌పరెంట్ వైపే మొగ్గుతాను. మూడేళ్లకి వెలిసిపోతే కడిగి మళ్లీ పూసుకోవచ్చు, పెచ్చులు గోకే బాధ ఉండదు.

ఇల్లెప్పుడు కట్టారో కాంట్రాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి. 2003 చివరి దాకా ఇళ్ల డెక్‌లకి వాడిన ప్రెషర్ ట్రీటెడ్ చెక్కలో (కుళ్లకుండా ఒత్తిడితో మందెక్కించిన చెక్క) చాలా మటుకు క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. ఆ ఏడాదితో ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు. మా ఇల్లు 2001ది, కాబట్టి మా డెక్‌లో ఉన్నదదే అనుకుని నడుచుకుంటాం. అలాంటి చెక్కని సాండింగ్ చేస్తే లేచే దుమ్ములో ఆర్సెనిక్ ఉంటుంది, అది విషం. మాస్కు, కింద టార్పాలిన్, దుమ్ము లాగే వాక్యూమ్ లేకుండా మొదలుపెట్టనివ్వొద్దు. ఆ రోజు పెరట్లో వడియాలు ఆరబెట్టొద్దు. పాత పలకలు మారిస్తే వాటిని ఫైర్ పిట్‌లో వేసి చలి కాచుకోవద్దు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. బయటివైపు 20 చదరపు అడుగులకి మించి ఆ పెయింట్ గోకే పనికి డబ్బు తీసుకునేవాడికి పర్యావరణాన్ని చూసే కేంద్ర సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉండి తీరాలి, 2010 నుంచి అది నిబంధన.

మనవాళ్ల డెక్‌లకి ఇంకో సంగతుంది. సత్యనారాయణ వ్రతం భోజనాలకో, పుట్టినరోజుకో నలభై మంది ఒక్కసారి ఎక్కుతారు. అందుకని రంగు మాట తర్వాత, కాంట్రాక్టరుతో కలిసి డెక్ కిందికి వంగి చూడండి. ఇంటి గోడకి డెక్‌ని పట్టి ఉంచే లెడ్జర్ బోర్డుకి బోల్టులున్నాయా, ఉత్త మేకులేనా? మేకులే అయితే ముందు ఆ పని, తర్వాతే రంగు. స్తంభాల మొదట్లో, కుండీలు పెట్టిన చోట్ల స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. వెన్నలా దిగితే అక్కడ చెక్క కుళ్లింది. కుళ్లిన పలకకి ఒక్కోదానికి ఎంతో ధర ముందే రాయించుకోకపోతే పని మధ్యలో "ఇంకో 600 అవుతుంది సార్" అంటాడు, మీరు కాదనలేరు.

డబ్బు విషయంలో రాష్ట్రానికో పద్ధతి. మేరీల్యాండ్‌లో అడ్వాన్సు మూడో వంతు దాటకూడదు. కాలిఫోర్నియాలో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, కాంట్రాక్టరు రాష్ట్రం దగ్గర నమోదై ఉండాలి. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టరుకి రాష్ట్ర లైసెన్సే లేదు, కాబట్టి డాలస్‌లో ఉన్న మా తోడల్లుడు లాంటివాళ్లు పాత పనులు కళ్లారా చూసి, ఇన్సూరెన్స్ అడిగి మరీ ఒప్పుకోవాలి. ఇన్సూరెన్స్ కాగితం కాంట్రాక్టరు ఫోన్లోంచి కాదు, ఏజెంటు దగ్గర్నుంచి నేరుగా మీకు రావాలి. తలుపు తట్టి "పక్కింట్లో పని చేస్తున్నాం, మిగిలిన స్టెయిన్‌తో మీది చవకగా చేసేస్తాం" అనేవాళ్లని నవ్వుతూ పంపించేయండి.

రోజు ఎంచుకోవడం కూడా రాతలో ఉండాలి. 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, నేరుగా ఎండ పడని వేళ, తర్వాత కనీసం ఒక రోజు వాన లేకుండా. ఏప్రిల్ ఆఖరు నుంచి మే దాకా పుప్పొడి పసుపు చల్లినట్టు పడుతుంది, తడి స్టెయిన్ మీద అంటుకుంటే వదలదు. వానొస్తే పని వాయిదా వేసినందుకు అదనంగా అడగనని కాగితం మీదే రాయించుకోండి. కడిగే రోజు తులసి, కరివేపాకు కుండీలు దూరంగా జరిపి, నేలలో ఉన్న మొక్కల్ని కడగడానికి ముందూ తర్వాతా మంచినీళ్లతో తడపండి.

చివరి రోజు సాయంత్రం చెక్కు రాసే ముందు గుడ్డల సంగతి అడగండి. లిన్సీడ్ లాంటి నూనె ఉన్న స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే, ఆరుతున్నకొద్దీ వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం 22వ అంతస్తులో నిప్పు పుట్టింది ఇలాంటి గుడ్డల్లోనే. చెక్క పలకలకి మెరుగు పెట్టిన పనివాళ్లు వదిలి వెళ్లినవవి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో పైకప్పు నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి మంట అక్కడ ఆగింది. పోయినేడు మాకు పని చేసిన 1,900 డాలర్లాయన, అప్పట్లో మేం కాదన్న ఆయనే, గుడ్డలన్నీ మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి ముంచి, ఆ డబ్బాని తన ట్రక్కులోనే పట్టుకుపోయాడు.