డంప్ యార్డ్ పక్కన ఉంటున్నారా? దగ్గుకి స్టెరాయిడ్ మాత్ర కొనుక్కుని మింగకండి

మొన్న మాకు తెలిసిన ఒకాయన దగ్గి దగ్గి నెత్తురు కక్కుకున్నాడు. ఇల్లు డంప్ యార్డ్ పక్క కాలనీలో. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిన మనిషి కాబట్టి అదే తిరగబెట్టిందనుకున్నారు. గల్ల పరీక్షలో టీబీ లేదు. సీటీ తీస్తే, పాత టీబీ ఊపిరితిత్తిలో మిగిల్చిన గుంతలో బూజు ఉండకట్టి ఉంది. అప్పటిదాకా ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయన మెడికల్ షాపులో కొనుక్కుని మింగింది స్టెరాయిడ్ మాత్రలు.

వానలు వెనకబట్టాక చెత్త గుట్టల పైపొర ఆరుతుంది, జేసీబీలు తవ్వడం మొదలుపెడతాయి. హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డయినా, విశాఖ కాపులుప్పాడ యార్డయినా చెత్త కుళ్లే తీరు ఒకటే. గుట్ట లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి చాలా క్రిములు చచ్చినా, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు 50 డిగ్రీల్లోనూ పెరుగుతుంది. గుట్టను కదిలిస్తే ఆ బూజు సిద్ధబీజాలు (స్పోర్లు) గాల్లోకి లేస్తాయి. ఒక్కోటి 2, 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), నేరుగా ఊపిరితిత్తుల అడుగుకి పోతాయి. ఇంగ్లండ్‌లో కంపోస్ట్ కేంద్రానికి 250 మీటర్ల లోపు ఇళ్లుంటే ఈ గాలి ముప్పును ప్రత్యేకంగా లెక్కగట్టాలి. మన దగ్గర ప్రహరీ దాటితే ఇళ్లే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వీటిని రోజూ పీల్చినా మామూలుగా ఒళ్లు తట్టుకుంటుంది. భయమంతా ఉబ్బసం, షుగర్, పాత టీబీ ఉన్నవాళ్లకి, కీమో తీసుకుంటున్నవాళ్లకి, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లకి. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, షుగర్ పెంచుతుంది. అయినా మాత్ర వేసుకున్న రెండో రోజుకే ఆయాసం తగ్గినట్టుంటుంది. జనం మోసపోయేది అక్కడే. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు చూశాం కదా, అది వేరే బూజు, కానీ అక్కడా షుగరూ స్టెరాయిడ్లూ కలిసిన చోటే ఎక్కువమంది బలైపోయారు.

డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ సంగతి వేరు, దాన్ని ఆపొద్దు. కొన్ని బూజు జబ్బులకి డాక్టరే స్టెరాయిడ్ రాస్తారు, చెప్పినన్నాళ్లే వాడండి. పాత చీటీ చూపించి మళ్లీ కొనొద్దు. ఇప్పటికే నెలల తరబడి మింగుతుంటే ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, డాక్టర్ దగ్గరే తగ్గించుకోవాలి.

గుట్ట తవ్వే రోజుల్లో అటువైపు కిటికీలు మూసేయండి. బయటికెళ్తే ఎన్95 పెట్టుకోండి. చేతిరుమాలు, గుడ్డ మాస్కు ఈ సైజు బీజాల్ని సరిగా ఆపలేవు. గడ్డం పక్కన సందున్నా ఎన్95 దండగే.

యార్డులో పనిచేసేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు పని బట్టలు గుమ్మం బయటే విప్పాలి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

వాకిట్లో దుమ్ము పొడిగా ఊడవొద్దు, నీళ్లు చల్లి ఊడవండి.

చెత్తకి నిప్పు పెట్టొద్దు. అసలే పాడైన ఊపిరితిత్తుల్ని పొగ ఇంకా పాడు చేస్తుంది.

కుండీలకి యార్డు ఎరువు తేవొద్దు. తెచ్చినా ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు.

దగ్గు రెండు వారాలు దాటితే గల్ల పరీక్ష చేయించండి. పరీక్ష లేకుండా టీబీ మందులు మళ్లీ మొదలెట్టొద్దు. టీబీ లేదని తేలినా దగ్గు తగ్గకపోతే ఫంగస్ పరీక్షల గురించి అడగండి. యార్డు పక్కన ఉంటున్నామని డాక్టర్‌కి చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

ఆర్‌ఎంపీ ఇచ్చే పేరు లేని పొట్లం మాత్రలు వద్దు. "ఆయాసానికి ఏదైనా ఇవ్వండి" అని మెడికల్ షాపులో అడగొద్దు.

గల్లలో నెత్తురు చార కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.